వృత్తి సేవలకు వీడియో ప్రచారం : మా అనుభవం

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘ కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "చదువుల గురించీ స్కాలర్‌షిప్పుల గురించీ మాట్లాడేవారు మనలో చాలామంది ఉన్నారు. మీరు ఫోనులో వీడియోలు పెట్టి ఆఫీసు నడుపుకొంటున్నారట గదా! దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. మేము పండితులం కాము. అన్నదమ్ములం ఇద్దరం జగ్గయ్యపేటలో దుకాణాల లెక్కలు రాసుకొంటూ, జి.ఎస్.టి. రిటర్నులు వేసుకొంటూ బతుకుతున్నవాళ్ళం. అయినా పెద్దల మాట కాదనలేక, మా లాభంతోపాటు మేము చేసిన ఒక తప్పును కూడా మీ ముందు పెడదామని వచ్చాము.

మా అబ్బాజాన్ కూడా ఇదే పని చేసేవారు. 1957 నాటి అమ్మకపు పన్ను చట్టం ఉన్న రోజులవి. ఆయనకు ప్రచారమంటే ఇంటి ముందు రేకు బోర్డు ఒక్కటే. అదైనా సున్నం మరకలు పడి సగం కనిపించేది కాదు. అయినా ఎవరి లెక్కలు ఎవరు రాస్తారో ఊళ్ళో అందరికీ తెలుసు. ఒక కిరాణా కొట్టాయన పక్క బట్టల కొట్టాయనకు చెప్పేవాడు, ఆయన తన వియ్యంకుడికి చెప్పేవాడు. పని అలా నడిచిపోయేది.

2005 ఏప్రిల్‌లో వ్యాట్ వచ్చింది, 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చింది. కాగితాలు పోయి అంతా కంప్యూటరులోకి ఎక్కింది. దాంతో మాకు తెలియకుండానే ఒక మార్పు జరిగిపోయింది. రిటర్ను వేయడానికి మనిషి ఊళ్ళోనే ఉండనక్కరలేదు. జగ్గయ్యపేట కొట్టు లెక్క హైదరాబాదులో కూర్చుని ఎవరైనా వేయవచ్చు. పాత షావుకార్లు కొడుకులకు కొట్లు అప్పగించారు. ఆ కొడుకులు బోర్డు చూడరు, పక్కవాణ్ణి అడగరు, జేబులో ఫోను తీసి చూస్తారు. ఫోనులో మేము లేము. రెండు మూడేళ్ళలో పాత ఖాతాలు ఒకటొకటిగా జారిపోయాయి. అబ్బాజాన్ పోయిన తర్వాత సంవత్సరం ఆఫీసు అద్దె కట్టడమే కష్టమైంది. అప్పుడు గానీ మాకు మెలకువ రాలేదు.

ఇక వీడియో సంగతికి వద్దాము. యూట్యూబ్ అనేది 2005లో పుట్టింది. దాన్ని స్థాపించిన ముగ్గురిలో జావెద్ కరీమ్ ఒకరు. ఆయన తండ్రి బంగ్లాదేశీయుడు. ఆ ఏడాది ఏప్రిల్ 23న అందులోకి ఎక్కిన మొట్టమొదటి వీడియో ఆయనదే. అమెరికాలో శాన్‌డియాగో జంతుప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి, వాటి తొండాలు పొడుగ్గా ఉన్నాయని చెబుతారు. అంతా కలిపి 19 సెకండ్లు. పాటా లేదు, రంగుల తెరా లేదు. ఒక మనిషి నిలబడి, తాను చూస్తున్నదాన్ని మామూలుగా చెప్పాడు, అంతే! మన దేశంలో 2016 తర్వాత మొబైలు డేటా చౌక కావడంతో ఈ వీడియోలు పల్లెపల్లెకూ చేరాయి. ఈనాడు రైతుబజారులో కూరలమ్మే మనిషి చేతిలోనూ అదే తెర ఉన్నది.

మేము 2021లో మొదలుపెట్టాము. మొదటి వీడియో సంగతి చెబితే నవ్వుతారు. గోడకు పూలతెర కట్టి, కొత్త చొక్కాలు తొడుక్కొని, జి.ఎస్.టి. చట్టం గురించి 18 నిమిషాలు ఉపన్యాసం దంచాము. ఇంట్లోవాళ్ళూ బంధువులూ తప్ప ఎవరూ చూడలేదు. చూసినవాళ్ళయినా ఎంతసేపు చూశారో యూట్యూబ్ వాళ్ళే లెక్క చూపిస్తారు. చాలామంది మొదటి నిమిషంలోనే వెళ్ళిపోయారు. మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. వాడు చూసి, "మామూ, కొట్టుకు వచ్చిన మనిషికి ఇలాగే చెబుతారా?" అన్నాడు. ఆ ఒక్క మాట మాకు పాఠమైంది.

అప్పటి నుండి పద్ధతి మార్చాము. ఆఫీసుకు వచ్చేవాళ్ళు అడిగే ప్రశ్నలను ఒక నోటుపుస్తకంలో, వాళ్ళ మాటల్లోనే రాసుకోవడం మొదలుపెట్టాము. "బిల్లు పోయింది, ఏం చేయాలి?", "కొట్టు మూసేశాను, రిటర్ను వేయాలా?", "నోటీసు ఏ భాషలో ఉందో కూడా తెలియడంలేదు, ఎవరికి చూపాలి?" ఇలాంటివి. ఒక వీడియోకు ఒకే ప్రశ్న, మూడు నాలుగు నిమిషాల్లో జవాబు. పేరు కూడా ఆ ప్రశ్నే. ఎందుకంటే కష్టంలో ఉన్న మనిషి వెతికేది చట్టంలోని సెక్షను నంబరు పెట్టి కాదు, తన కష్టం పెట్టి.

ఖర్చు గురించి అడుగుతారు గనుక చెబుతున్నాము. పెద్ద కెమెరా కొనలేదు. ఉన్న ఫోనూ, ఒక స్టాండూ, చొక్కాకు తగిలించుకొనే చిన్న మైకూ, అంతే. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం ఓర్చుకొంటారు గానీ, మాట వినపడకపోతే ఒక్క క్షణం ఆగరు. వెలుతురు కోసం కిటికీకి ఎదురుగా కూర్చుంటే చాలు, కిటికీ వీపు వెనక ఉంటే ముఖం నల్లబడిపోతుంది. ఫ్యాను ఆపాలి. మాటలు తెర మీద అక్షరాల్లో కూడా పడేట్టు చేయాలి, దుకాణంలో కూర్చున్నవాళ్ళు చాలామంది శబ్దం తగ్గించి చూస్తారు. చివర మన పేరు, ఊరు, ఆఫీసు వేళలు చెప్పాలి.

ఇంకొక సంగతి. ఎంతమంది చూశారన్నది మాకు ముఖ్యం కాదు. పాటలు పాడేవారికి లక్షమంది కావాలి, మాకు జిల్లాలో వందమంది సరైనవాళ్ళు చాలు. నోటీసు గురించి చేసిన ఒక వీడియోను కొన్ని వందలమందే చూశారు. కానీ వాళ్ళలో ముగ్గురు నోటీసు చేతబట్టుకొని మా ఆఫీసు మెట్లెక్కారు. డబ్బిచ్చి దొంగచూపులు కొనే పద్ధతి ఒకటున్నది, దాని జోలికి పోకండి. అది యూట్యూబ్ నియమాలకు విరుద్ధం. పైగా అలా కొన్న చూపులు మెట్లెక్కి రావు.

ఇక మా తప్పు సంగతి.

2022లో మేము ఒక వీడియో చేశాము. రాష్ట్రం లోపల సరుకులు అమ్ముకొనే చిన్న వ్యాపారికి సంవత్సరం టర్నోవరు 40 లక్షల లోపు ఉంటే జి.ఎస్.టి. రిజిస్ట్రేషను అక్కరలేదని చెప్పాము. చెప్పింది అబద్ధం కాదు. 2019 ఏప్రిల్ నుండి ఆంధ్రప్రదేశ్‌లో అదే పరిమితి. కానీ తెలంగాణ ఆ పెంపును తీసుకోలేదు, 20 లక్షలే ఉంచుకొన్నది. మాకు తెలియని విషయం కాదది. వీడియోలో "మన రాష్ట్రంలో" అని కూడా అన్నాము. అయితే ఏ రాష్ట్రమో పేరు చెప్పలేదు! మా కళ్ళ ముందు ఉన్నది జగ్గయ్యపేట బజారే గదా, అంతవరకే ఆలోచించాము. ఆ వీడియో మా వాటిలోకెల్లా ఎక్కువ తిరిగింది. మేము మురిసిపోయాము.

మరుసటి సంవత్సరం కోదాడ నుండి ఒక చెప్పుల కొట్టాయన వచ్చారు. మాకూ కోదాడకూ మధ్య గంట ప్రయాణం కూడా లేదు, కానీ మధ్యలో రాష్ట్రపు సరిహద్దు ఉన్నది. ఆయన టర్నోవరు 30 లక్షల దాకా ఉన్నది. రిజిస్ట్రేషను లేదు. నోటీసు వచ్చింది. పాత అమ్మకాల మీద పన్ను, దాని మీద సంవత్సరానికి 18 శాతం వడ్డీ, ఆపైన జరిమానా. కొన్నవాళ్ళ దగ్గర ఆయన పన్ను వసూలు చేసి ఉండలేదు గనుక, అదంతా చేతి నుండి కట్టుకోవలసిందే. నోటీసు బల్ల మీద పెట్టి, గొంతు పెంచకుండానే, "మీ వీడియో చూసే గదా సాబ్, నేను ఊరుకున్నది. మన రాష్ట్రం అన్నారు, నాది కూడా మన రాష్ట్రమే అనుకున్నాను" అన్నారు.

మాకు నోట మాట రాలేదు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి అన్నదమ్ముల మధ్య వాదన జరిగింది. మాలో చిన్నవాడు, "భాయ్, మనం ఆంధ్రాలో కూర్చుని చెప్పాము, చట్టప్రకారం తప్పు లేదు. వీడియో తీసేస్తే సరిపోతుంది, ఎవరికీ తెలియదు" అన్నాడు. పెద్దవాడు, "తీసేస్తే మనకు సరిపోతుంది. ఇప్పటికే చూసి ఊరుకొన్నవాళ్ళ మాటేమిటి?" అన్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందని మనవాళ్ళు ఊరికే అనలేదు. యూట్యూబ్‌లో ఒకసారి ఎక్కించిన వీడియో స్థానంలో, అదే చిరునామాలో, మరొకటి పెట్టడం కుదరదు. పైగా దాని ముక్కలు వాట్సాప్‌లో ఎన్ని ఊళ్ళు తిరిగాయో ఎవరు చెప్పగలరు?

చివరకు పాతది తీసివేసి, కొత్తది చేశాము. అందులో మొదటి వాక్యమే "మేము పొరపాటు చేశాము" అని. ఎక్కడ పొరపాటో, తెలంగాణ పరిమితి ఎంతో, ఇప్పటికే దాటినవారు వెంటనే ఏం చేయాలో చెప్పాము. కోదాడ ఆయన నోటీసుకు జవాబు, రిజిస్ట్రేషను, అన్ని పనులూ రుసుము లేకుండా చేసి పెట్టాము. పన్ను మాత్రం ఆయనే కట్టవలసివచ్చింది, దాన్ని మేము మాన్పలేకపోయాము. ఆ తర్వాత ఆయన మా దగ్గర ఖాతా పెట్టలేదు, కోదాడలోనే మరొకరి దగ్గరకు వెళ్ళారు. అది న్యాయమే. మేము బాధపడలేదని అనము, కానీ అది న్యాయమే.

ఆనాటి నుండి మా ఆఫీసు గోడకు నాలుగు మాటలు రాసిపెట్టుకొన్నాము. ఒకటి: ఏ తేదీన చెబుతున్నామో మొదటే చెప్పాలి. రెండు: ఏ రాష్ట్రానికి వర్తిస్తుందో పేరు పెట్టి చెప్పాలి. మూడు: ఇది ఎవరికి వర్తించదో కూడా చెప్పాలి. నాలుగు: ఒకరు మాట్లాడింది రెండోవారు వినకుండా బయటికి పంపరాదు. వీటితో వీడియో కొంచెం చప్పబడుతుంది, నిజమే. కానీ మనం అమ్ముకొనేది చెప్పులో చీరెలో కాదు. వృత్తి మనిషి అమ్ముకొనేది తన మాటను. మాట అమానత్ వంటిది.

సభలో వకీళ్ళు, డాక్టర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు ఉన్నారు. మాది ప్రాక్టీషనరు పని గనుక మాకున్న వెసులుబాటు మీకు లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నియమం వకీళ్ళ ప్రకటనలను నిషేధిస్తున్నది. 2008లో వెబ్‌సైటులో పేరు, చిరునామా, అర్హతలు, ప్రాక్టీసు రంగం వంటి వివరాలు మాత్రం ఇచ్చుకోవచ్చునన్నారు. 2025 మార్చిలో సోషల్ మీడియా ప్రచారం మీద కౌన్సిల్ మళ్ళీ గట్టిగా హెచ్చరించింది. డాక్టర్లకు 2002 నాటి నియమావళి ఉన్నది. ప్రాక్టీసు ప్రారంభించడం, చిరునామా మారడం వంటి వాటికే పత్రికా ప్రకటనకు అది అనుమతిస్తుంది. 2023 ఆగస్టులో తెచ్చిన కొత్త నిబంధనలు అదే నెలలో నిలిపివేయబడ్డాయి. చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949 చట్టం మొదటి షెడ్యూలు ఉన్నది. కాలానుగుణంగా మార్గదర్శకాలు మారుతుంటాయి గనుక, ఎవరి సంస్థ తాజా నియమాలు వారు చదివి గానీ కెమెరా ముందు కూర్చోవద్దు. జనానికి విషయం బోధించడం వేరు, "నా దగ్గరకు రండి" అని పిలవడం వేరు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడున్నదో ముందే తెలుసుకోండి.

అందరికీ వర్తించేది ఇంకొకటి. వచ్చినవారి కాగితాలు, పాన్ నంబరు, రోగి రిపోర్టు తెర మీద చూపరాదు. వారు ఒప్పుకొన్నా ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. "నూటికి నూరు శాతం గ్యారంటీ" అనే మాట నోట రానీయరాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు.

ఇక సంఘానికి మా మనవి ఒకటే. మన పిల్లలకు ఫోను తెలుసు, వృత్తి తెలియదు. పెద్దలకు వృత్తి తెలుసు, ఫోను తెలియదు. ఇంట్లో ట్యూషన్లు చెప్పుకొనే అక్కచెల్లెళ్ళు, ఇళ్ళ ప్లాన్లు గీసే ఇంజనీర్లు, కంప్యూటరు బాగుచేసే కుర్రవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. పనితనం ఉండీ పక్క వీధికి తెలియక ఉన్నారు. సంఘం హాలులో వెనక గది వారంలో ఆరు రోజులు తాళం వేసే ఉంటుంది. ఆ గదిలో ఒక బల్ల, ఒక స్టాండు, ఒక మైకు పెట్టి ఆదివారం పూట తెరిచి ఉంచితే, ఎవరైనా వచ్చి తమ పని గురించి మూడు నిమిషాలు చెప్పుకోవచ్చు. మైకు మేమిస్తాము. మొదటి నెల వచ్చి నేర్పుతాము. తెలుగులో చెప్పుకొనేవారు తెలుగులో, ఇంట్లో మాట్లాడే ఉర్దూలో చెప్పుకొనేవారు ఉర్దూలో చెప్పుకోండి. పుస్తకభాష వద్దు.

అబ్బాజాన్ బోర్డు ఇప్పటికీ మా ఆఫీసు ముందే ఉన్నది. మొన్న రంగు వేయించాము. ప్రతి వీడియో చివర అది ఒక్క క్షణం కనపడుతుంది. కొత్తగా వచ్చేవారు దాన్ని చూసి ఇల్లు గుర్తుపడుతున్నారు. ఫోను వారిని వీధి దాకా తెస్తుంది. గడప లోపలికి వచ్చిన తర్వాత వారిని నిలబెట్టుకోవలసింది మాత్రం మన పనే.