ఆయా జీతము: ముందుగా చెప్పుకొనవలసిన మాటలు

ఇంటికి రంగులు వేయించునప్పుడు చదరపు అడుగునకు ఇంత అని ముందే మాటలాడుకొందుము. రంగు ఎవరు తేవలెను, నిచ్చెన ఎవరిది, గోడ నెర్రె విచ్చి యున్నచో పూడ్చుట ఎవరి ఖర్చు అనునది కూడ తేల్చుకొందుము. పది నెలల పసిపాపను దినమంతయు ఒక పరాయి స్త్రీ చేతిలో పెట్టునప్పుడు మాత్రము, "జీతానిదేముందమ్మా, నువ్వు మా ఇంట్లో మనిషివే" అందుము. ఆ మాట చెవికి ఇంపుగానే యుండును. జీతపు లెక్క దారి తప్పునది కూడ ఆ మాట దగ్గరనే. ఇతరుల ఇండ్లను చూచి చెప్పుచున్న సంగతి కాదిది.

ఉదయ ప్రసారమున్న దినములలో తెల్లవారుజామున 5 గంటలకే స్టూడియోలో ఉండవలసిన ఉద్యోగము మాది. మా ఇల్లాలిది బ్యాంకు ఉద్యోగము. 2016లో, మా అమ్మాయికి ఏడాది నిండకముందే, ఒక ఆయాను కుదుర్చుకొంటిమి. యాబది దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. ఉదయము 8 గంటలకు వచ్చి సాయంత్రము 4 గంటలకు పోవలెననియు, నెలకు 6,000 రూపాయలనియు నోటిమాటగా అనుకొంటిమి. అంతకు మించి ఒక్క ముక్క అనుకొనలేదు.

మొదటి నెలలో పాపకు స్నానము చేయించుట, పాలసీసాలు మరగబెట్టుట, నిద్రపుచ్చుట ఆమె పని. రెండవ నెలలో పాప బట్టలతో పాటు "ఈ రెండు కూడ" అని మా బట్టలు చేరినవి. పాపకు మెత్తగా వండు అన్నముతో పాటు మధ్యాహ్నపు వంట చేరినది. సాయంత్రపు 4 గంటలు 5 అయి, 6 అయి, తుదకు 7 గంటలైనది. ఏ ఒక్కనాడును మేము పని పెంచుచున్నామని అనుకొనలేదు, ఆమెయు కాదనలేదు. ఏడ్చుచున్న పిల్లను దింపి, గడియారము చూచుకొని లేచిపోగల మనిషి ఆయా పనికి తగదు గదా! ఆ మంచితనము వలన మాకు దినమునకు మూడు గంటలు ఉచితముగా లభించినవి.

ఏడాది గడచిన పిమ్మట ఒక సాయంత్రము గుమ్మము దగ్గర చెప్పులు తొడుగుకొనుచు, "అమ్మగారూ, ఓ పదిహేను వందలు పెంచండి. బస్సులకే చాలా అయిపోతోంది" అన్నది. చూతమంటిమి. మరుసటి నెల మరల అడిగినప్పుడు, "పాప నిన్ను వదిలి ఉండగలదా?" అని నవ్వితిమి. ఆమె అడిగినది జీతమును గురించి. మేము జవాబుగా పాపను చూపితిమి. దానికి ఆమె ఏమని బదులు చెప్పగలదు? ఉండలేదన్నచో జీతపు మాట అంతటితో సరి. ఉండగలదన్నచో తానే కఠినురాలగును. మూడవ నెలలో అడుగలేదు. నెలాఖరున వేరొక ఇంట కుదిరినదని చెప్పి, పాపకు అన్నము తినిపించి, వెడలిపోయినది. పది దినములపాటు వీధి తలుపు చప్పుడైనప్పుడెల్ల మా అమ్మాయి తడబడుచు గుమ్మము వరకు పరుగెత్తెడిది.

అప్పుడు గాని మేము కాగితము, కలము తీసికొనలేదు. నెలకు 26 పనిదినములు, దినమునకు 8 గంటలు, వెరసి 208 గంటలు. 6,000 రూపాయల చొప్పున గంటకు ఇంచుమించు 29 రూపాయలు. దినమునకు 11 గంటలైనచో నెలకు 286 గంటలు. అదే జీతము గంటకు 21 రూపాయలకు దిగినది. అనగా మేము జీతము పెంచకపోవుటయే కాదు, తగ్గించితిమి. మొదటి రేటు ప్రకారమే కట్టినను 8,250 రూపాయలు రావలెను. వంటయు, మా బట్టలును ఆ లెక్కలో లేనేలేవు. ఆమె అడిగిన పెంపుతో అయ్యెడిది 7,500. తరువాత ఆ బాకీ పంపితిరా అని శ్రోతలు అడుగవచ్చును. కొంత పంపితిమి, అంతయు పంపలేదు.

ఈ చిక్కు నేటిది కాదు. ఆయా అను మాట మనకు పోర్చుగీసు భాషనుండి వచ్చినది. తెల్లదొరల కాలమున వారి కుటుంబములు ఇంగ్లాండునకు పోవునప్పుడు, ఓడలో పిల్లలను చూచుకొనుటకు మన దేశపు ఆయాలను వెంట గొనిపోయెడివారు. వారముల తరబడి సాగు ఆ సముద్రయానమున ఆయా లేనిదే దొరసానికి పూట గడవదు. లండనులో ఓడ దిగిన పిమ్మట ఆమెతో పని తీరినట్లే. తిరుగు ప్రయాణపు ఏర్పాటు లేక అక్కడనే విడువబడిన ఆయాలు కలరు. అట్టి స్త్రీల కొరకు లండనులో ఆయాల గృహము ఒకటి వెలసి, 1900లో హాక్నీ ప్రాంతమునందలి కింగ్ ఎడ్వర్డ్ రోడ్డునకు మారినది. తిరుగు టిక్కెట్టు గల ఆయా దానిని గృహమువారికి అప్పగించెడిది. వారు ఇండియాకు పోవుచున్న మరియొక కుటుంబమున ఆమెను కుదిర్చి, ఆ టిక్కెట్టుపై వచ్చు సొమ్ముతో అంతవరకు ఆమె బస, భోజనముల ఖర్చు గడిపెడివారు. 2022లో ఆ భవనమునకు స్మారక ఫలకము అమర్చిరి. ఓడ ఎక్కకముందు తేల్చుకొన్న ఒక్క షరతు, ఏడు సముద్రముల ఆవల ఆమెకు నీడ కల్పించినది.

మన కాలమున చట్టము బొత్తిగా లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2007లో ఇంటిపనిని కనీస వేతనముల పరిధిలోనికి తెచ్చినది. 2011 జూన్ 16న అంతర్జాతీయ కార్మిక సంస్థ జెనీవాలో ఇంటిపనివారికై 189వ ఒడంబడికను ఆమోదించినది. వారమునకు ఎడతెగని 24 గంటల విశ్రాంతి ఉండవలెననియు, పని షరతులు వీలైనంతవరకు వ్రాతమూలకముగా ఉండవలెననియు అందు కలదు. మన గోదావరి జిల్లాలనుండి, కడప ప్రాంతమునుండి ఎందరో స్త్రీలు ఇంటిపనికి పోవు కువైటులో 2015 నాటి చట్టము వారపు సెలవును, దినమునకు 12 గంటల హద్దును విధించినది. 2016లో నెలకు 60 దీనార్ల కనీస జీతము నిర్ణయమైనది. అయినను నాలుగు గోడల నడుమ గడచిన గంటలను ప్రతిదినము వచ్చి లెక్కించు అధికారి ఎక్కడను ఉండడు. ఆ లెక్క ఆ ఇంటివారును, ఆ ఆయాయును ఉంచుకొనవలసినదే.

మా రెండవ ఆయా ఆ సంగతి ఎరిగిన మనిషి. 2018లో వచ్చినది. నలుబది ఏండ్లుండును. కూర్చుండమనగానే జీతము మాట ఎత్తక, ప్రశ్నలు మొదలిడినది. "వంట పాపకేనా, అందరికీనా? మీరు రావడం ఆలస్యమైతే గంటకెంత? మీరు ఊరికెళ్తే ఆ రోజులకి కోస్తారా? నాకు జొరమొస్తే?" నిజము చెప్పవలెనన్న, మాకు కొంచెము కష్టముగానే తోచినది. ఇంకను పిల్లను ఎత్తుకొననైన లేదు, అప్పుడే ఇంత లెక్కయా అనుకొంటిమి. మా ముఖము చూచి కాబోలు, "పాప నాకు అలవాటైపోయాక ఇవన్నీ అడగలేనండి" అన్నది.

అంతటితో మేము సర్దుకొని కూర్చుంటిమి.

ఆమె 9,000 అన్నది. మేము 7,000 అంటిమి. క్రిందటి ఇంట తనకు 7,500 ఇచ్చిరనియు, ఇచ్చటికి రెండు బస్సులు మారవలెననియు చెప్పినది. ఇరుగుపొరుగున రెండిండ్లలో విచారించి, 8 గంటల పనికి 8,000 అని స్థిరపరచితిమి. పాప పని మాత్రమే. ఆదివారము సెలవు. నెలకు ఒక నాగాకు కోత లేదు. మేము ఊరికి పోయినచో జీతము పూర్తిగా ఇచ్చుట. ఏలయన సెలవు కోరినది మేము గాని ఆమె గాదు. ఆలస్యమునకు గంటకు 50 రూపాయలు. ఏటేట సంక్రాంతికి జీతపు మాట ఆమె అడుగకయే మేము ఎత్తుట. పండుగ చీర, పాత చీరలు, మిగిలిన కూర జీతములో జమకట్టరాదని మా ఇల్లాలు చేర్చినది. ఈ ఒక్కటి చాలమంది ఇండ్లలో తప్పు లెక్క పడుచుండును. రెండు కాగితములపై వ్రాసి, ఒకటి ఆమెకిచ్చితిమి.

రేడియో వంటింటిలో కూడ మ్రోగుచుండును గనుక, ఈ మాటలు వినువారిలో ఆయా పనిచేయు స్త్రీలును ఉందురు. వారికి ఒక మాట. వచ్చిన వేళను, పోయిన వేళను క్యాలెండరు గడిలో ఏనాటికానాడు వ్రాసికొనుడు. చదువు రాకున్న గీతలు చాలును. "చాలా ఆలస్యమవుతోందండి" అన్నచో ఇంటివారు నొచ్చుకొందురు, లేదా నవ్వి ఊరుకొందురు. "ఈ నెల 9 గంటలయిందండి" అన్నచో జవాబు చెప్పవలసి వచ్చును.

మా ఇంట జరిగినదదియే. మొదటి నెలాఖరున ఆమె క్యాలెండరు తెచ్చి ముందర పెట్టినది. 9 గంటలు, 450 రూపాయలు. మేము అంత ఆలస్యము చేసితిమని మాకే తెలియదు. సొమ్ము లెక్కపెట్టి ఇచ్చితిమి. మరుసటి నెలలో రెండు గంటలకు మించలేదు.