గట్టు, గుంపు, ముఠా



ఎవరి పేర నిధి పెట్టుకుని మనం ఇలా కలుసుకుంటున్నామో ఆ సారు ఏజెన్సీ బడుల్లో పనిచేసినన్నాళ్ళూ హాజరు పట్టీలో పిల్లల పేర్ల పక్కన పెన్సిలుతో ఒక అంకె వేసుకునేవారు. మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు. అది ఆ పిల్లవాడి గట్టు. ఎక్కడో పది కోసుల దూరాన ఒక ముసలాయన పోతే, మర్నాడు ఏ పిల్లలు బడికి రారో ఆ అంకెను బట్టి తెలిసిపోతుందని చెప్పేవారు. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ అంకె గురించే.

మన భద్రాచలం వైపు కోయ సమాజం ఐదు గట్లు: మూడో గట్టు మొదలు ఏడో గట్టు దాకా. ఒక్కో గట్టు కింద ఎన్నో ఇంటిపేర్లు. ఒకే గట్టు వాళ్ళు ఒకరి ముఖం ఒకరు ఎరగకపోయినా అన్నదమ్ములే. సంబంధం చూడడానికి వెళ్ళినచోట మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చి, ముందు అడిగేది పొలం గురించో చదువు గురించో కాదు, “మీదే గట్టు?” అని. వచ్చినవాళ్ళదీ ఇంటివాళ్ళదీ ఒకే గట్టయితే పెళ్ళి మాట అక్కడితో ఆగిపోతుంది. పెళ్ళికూతురు కావలసిన పిల్ల ఆ క్షణం నుంచి చెల్లెలు. ఎవరికీ చిన్నతనం లేదు. చుట్టరికం కలిసిందని అన్నం పెట్టి పంపిస్తారు.

బయటినుంచి చూసినవాళ్ళు దీన్ని తలుపులు మూసుకున్న జట్టు అనుకుంటారు. గట్టు పుట్టుకతో వచ్చేదన్నది నిజం. కానీ ఏ గట్టూ తనంతట తాను బతకలేదు. కొడుక్కి పెళ్ళి చేయాలంటే మరో గట్టు గడప తొక్కాల్సిందే. మైదానంలో గోత్రానికీ ఈ నియమం ఉంది కదా అని మీరడగవచ్చు. ఉంది. అయితే చాలా ఇళ్ళలో గోత్రం ఇప్పుడు సంకల్పంలో పలికే మాటగానే మిగిలింది. గట్టుకు ఇప్పటికీ ఇలవేల్పు ఉంది, కొలుపు ఉంది, చావుకు వెళ్ళవలసిన బాధ్యత ఉంది. ఎవరు రాకూడదు అనేదానికంటే ఎవరు రాక తప్పదు అనేది చెప్పే మాట అది. చిన్న సమూహాల పేర్లన్నిటినీ ఈ ప్రశ్నతోనే తూచాలని నా నమ్మకం.

గట్ల చరిత్ర కాగితం మీద లేదు, పడిగె మీద ఉంది. పడిగె అంటే ముక్కోణపు గుడ్డ. దాని మీద ఆ వంశపు పూర్వుల బొమ్మలు, వేల్పుల గుర్తులు. కొలుపుల్లో డోలీ కోయలు డోలు వాయిస్తూ ఆ వంశం ఎక్కడ పుట్టింది, ఏ వాగు దాటింది, ఎవరితో వియ్యమందింది అన్నీ వరసగా పాడతారు. కోయ భాషలో కొంత, తెలుగులో కొంత. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు అలాంటి డోలీ కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథను నోటికి పాడినవాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. అలాంటి మనిషి పోతే ఎన్నో వంశాల వరసలు ఆయనతో పోతాయి. జయధీర్ తిరుమలరావు గారు ‘ఆద్యకళ’ పేరుతో వాద్యాలనూ పడిగెలనూ సేకరించి చూపించారు. గొప్ప పని. అయితే గుడ్డ దొరికినంత మాత్రాన సరిపోదు, దాన్ని చదివే గొంతు కూడా దొరకాలి.

వేల్పుల బాధ్యతను వంశాలు ఎలా పంచుకుంటాయో మేడారం జాతరలో లక్షల మంది చూస్తున్నారు. సారలమ్మను కన్నెపల్లి నుంచి కాక వంశం వారు, పగిడిద్దరాజును పూనుగొండ్ల నుంచి పెనక వారు, గోవిందరాజును కొండాయి నుంచి దబ్బగట్ల వారు తీసుకువస్తారు. ఒకరి వేల్పును మరొకరు ఎత్తరు. అందరూ వస్తేనే జాతర.

ఇక సర్కారు పట్టిక చూడండి. షెడ్యూల్డు తెగల జాబితాలో కోయ, డోలీ కోయ, గుత్త కోయ, కమ్మర కోయ, ముసర కోయ, ఒడ్డి కోయ, పట్టిడి కోయ, లింగధారి కోయ అంటూ పేర్లు బారులు తీరి ఉంటాయి. వాటిలో పనిని బట్టి పెట్టినవి ఉన్నాయి, నమ్మకాన్ని బట్టి పెట్టినవి ఉన్నాయి. ఒక్క గట్టు పేరు కూడా లేదు. రిజర్వేషన్లకు ఆ జాబితా కావాలి, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ మన పిల్లలు తమను తాము తెలుసుకోవడానికి సర్టిఫికెట్టు ఒక్కటే ఆధారం కావడం నన్ను బాధపెడుతోంది.

ముఠా అనే మాటకు ఏమైందో చూస్తే ఈ బాధ అర్థమవుతుంది. రంప కొండల్లో ముఠా అంటే కొన్ని ఊళ్ళ కట్ట, దానికి ముఠాదారు పెద్ద. 1879 పితూరీ లేపింది ఆ ముఠాదార్లే. అది మన భద్రాచలం తాలూకా రేకపల్లి దాకా పాకింది. 1874లో ఈ తాలూకా మద్రాసు ప్రెసిడెన్సీలో కలిశాక పోడు మీద పన్ను పెంచడం, పోడును అడ్డుకోవడం ఇక్కడి కోపానికి కారణాలు. ఇవాళ పత్రికలో ముఠా అంటే దొంగలు. మిర్చి కోతల కాలంలో మాత్రం చర్ల, దుమ్ముగూడెం చేలల్లో ఆ మాటకు ఇంకా పరువుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి ఒకే ఊరివాళ్ళు ముఠాగా వస్తారు, చేను పక్కనే వండుకుంటారు, కూలి అందరూ పంచుకుంటారు.

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ నుంచి ఆ దారినే వేల మంది ప్రాణాలు అరచేత పెట్టుకుని ఈ అడవిలోకి వచ్చారు. మనం వాళ్ళను గుత్తికోయలు అన్నాం. వాళ్ళు గుడిసెలు వేసుకున్నచోటును గుంపు అన్నాం. ఆ పేరుతో పట్టా రాదు, కుల సర్టిఫికెట్టు రాదు. వలస వచ్చినవాళ్ళని గుర్తుచేయడానికి తప్ప ఆ పేరు దేనికీ పనికిరావడం లేదు. ఇంతలో 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు, పట్టణం మినహా భద్రాచలం మండలం పోలవరం ప్రాజెక్టు కోసం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. వియ్యంకులు రెండు రాష్ట్రాలవాళ్ళయ్యారు. ముంపు పునరావాస కాలనీల్లో ఇళ్ళు వరుస నంబర్ల ప్రకారం ఇస్తే, వరస అయినవాళ్ళు ఎడంగా పడతారు. పునరావాసం రాసే అధికారులు ఇంటింటి సర్వేలో గట్టు అనే ఒక గడి చేర్చితే అయ్యే ఖర్చేమీ లేదు.

ఈ నిధి నిర్వాహకులను నేను అడిగేది ఒకటే. దీని మీద వచ్చే వడ్డీని జ్ఞాపికలకూ శాలువాలకూ కాకుండా డోలీ కళాకారులకు దినభత్యంగా ఇవ్వండి. వాళ్ళు ఒక్కో గట్టు కథను కొలుపు జరిగేచోటే మొత్తంగా పాడాలి, మన కోయ పిల్లలే దాన్ని రికార్డు చేసి రాసిపెట్టాలి. ముందు చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో మొదలుపెట్టండి. ఆ పిల్లలకు రాత నేర్పడానికి నేను వస్తాను.