మన ప్రకటన మనకే కనిపించకపోతే
(షోలాపూర్‌లో ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)



నేను బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. చదివింది బీకాం. ఇంటర్నెట్ గురించి ఈయనేం చెబుతాడని వెనుక వరుస పిల్లలకు అనిపించవచ్చు. నేను చెప్పబోయేది లెక్కల సంగతే. మనవాళ్ళు చాలామంది చాదర్లు, టవళ్ళ వ్యాపారంలో ఉన్నారు. ఈమధ్య గూగుల్‌లో ప్రకటనలకు డబ్బు పెడుతున్నారు. ఆ లెక్క సరిచూసే పని ఇంట్లో చదువుకొన్న పిల్లల మీదే పడుతున్నది.

ఒకే మాట టైపు చేసినా గూగుల్ అందరికీ ఒకే జాబితా చూపదు. ఖాతాతో లోపలికి వెళ్ళినవారికి వారి పాత వెతుకులాటలను బట్టి ఫలితాలు మార్చడం 2005లో మొదలైంది. 2009 డిసెంబరు నుంచి ఖాతా లేనివారికి కూడా, ఆ కంప్యూటరులో అంతకుముందు 180 రోజులలో ఏం వెతికారో చూసి మార్చసాగారు. ప్రకటనల విషయంలో తేడాలు ఇంకా ఎక్కువ. మీరున్న ఊరు, భాష, వేళ, చేతిలో ఉన్నది ఫోనా కంప్యూటరా, ఆ ప్రకటనకు ఆ రోజు కేటాయించిన డబ్బు మిగిలి ఉందా, ఇవన్నీ చూస్తారు. ప్రతి వెతుకులాటకూ అప్పటికప్పుడు ఒక వేలంపాట జరుగుతుంది.

నాకు తెలిసిన ఒక కార్ఖానా సంగతి చెబుతాను. ఒక ఏజెంటు నెలనెలా రుసుము తీసుకొని వారి టవళ్ళ ప్రకటనలు చూసేవాడు. నెలాఖరుకు వచ్చి తన ఫోనులో వెతికి, "చూడండన్నా, మనదే పైన" అనేవాడు. యజమాని తన ఫోనులో వెతికితే ఒకరోజు కనిపించేది, మరునాడు కనిపించేది కాదు. ఇక ఇంట్లో నలుగురూ పొద్దున సాయంత్రం అదే వెతకడం.

అలా వెతకడం నష్టమే. నొక్కితే మన డబ్బే పోతుంది. నొక్కకపోతే, ఈ మనిషికి ఇది అక్కరలేదనుకొని గూగుల్ అతనికి ఆ ప్రకటన చూపడం మానవచ్చు. ఈ మాట ఆ కంపెనీ తన సహాయ పుటలలోనే చెబుతున్నది. ప్రకటన చక్కగా నడుస్తున్నా యజమానికి మాత్రం కనిపించదన్నమాట! పైగా నూరుసార్లు కనిపించి ఐదుసార్లు నొక్కితే నూటికి ఐదు. ఇంటివాళ్ళు మరో నూరుసార్లు ఊరికే చూస్తే అది రెండున్నరకు దిగుతుంది. జనం నొక్కే అవకాశం ఎంతన్న అంచనా ఆ వేలంపాటలో లెక్కకు వస్తుంది.

ఏజెంటు ఫోనులో పైన కనిపించడమూ సాక్ష్యం కాదు. కామర్సు పిల్లలకు బ్యాంకు రీకన్సిలియేషన్ స్టేట్‌మెంటు గుర్తుండాలి. క్యాష్‌బుక్కులో నిల్వ ఎంత ఉన్నా పాస్‌బుక్కుతో సరిచూడాలి గదా! ఇక్కడ పాస్‌బుక్కు అంటే గూగుల్ యాడ్స్ ఖాతాలోని నివేదిక. ఎన్నిసార్లు చూపారు, ఏ ఊళ్ళలో, ఎన్నిసార్లు నొక్కారు, ఎంత ఖర్చయింది, అన్నీ అందులో ఉంటాయి. బీకాం రెండో సంవత్సరం చదువుతున్న ఆ ఇంటి అబ్బాయి పట్టుబట్టి అది తెప్పించాడు. చూస్తే ప్రకటన షోలాపూర్ వరకే పెట్టి ఉంది. ఏజెంటు ఉన్నది ఈ ఊళ్ళోనే కనుక అతని ఫోనులో పైన కనిపించేది. కొనేవాళ్ళేమో పూణె, హైదరాబాదుల్లో ఉన్నారు. షోలాపూర్‌లో ఉండి టవలు కోసం గూగుల్‌లో వెతికేదెవరండీ?

ఖాతా కూడా ఏజెంటు పేరనే ఉంది. దాన్ని మార్పించుకోవడానికే రెండు నెలలు పట్టింది.

ప్రకటన ఎలా ఉందో చూడాలంటే ఖాతాలోనే యాడ్ ప్రివ్యూ అనే సాధనం ఉంది. ఏ ఊరో, ఏ భాషో చెప్పి చూడవచ్చు. అక్కడ చూసింది లెక్కలో పడదు. మీ సగటు స్థానం ఇంత అని ఎవరైనా కాగితం చూపితే, ఆ లెక్కను గూగుల్ 2019లోనే తీసేసింది గదా అని అడగండి.

తల్లిదండ్రులకు ఒక మాట. కాలేజీల కోసం, ఉపకార వేతనాల కోసం వెతికేటప్పుడు పైన వచ్చేవి చాలావరకు డబ్బు కట్టి పెట్టించినవి. స్పాన్సర్డ్ అన్న చిన్న అక్షరాలు చూడండి. మీ ఫోనులో పైకి వచ్చింది పక్కింటివారి ఫోనులో రాకపోవచ్చు.

ఈ పని నేర్చుకోదలచిన విద్యార్థులకు గూగుల్ వారి స్కిల్‌షాప్‌లో పాఠాలు, పరీక్ష ఉచితం. ఫీజు అడిగే కోచింగులకు పోకముందు అది చూడండి. ఇంట్లో ప్రకటనలు నడుపుతున్నవారు ఆదివారం ఉదయం ట్రస్టు కార్యాలయానికి రండి, నేనుంటాను. ఫోను చూపకండి, మూడు నెలల నివేదిక అచ్చు తీసి తెండి. కలిసి కూర్చుని చూద్దాం.