మెడమీది బిళ్ళ: ఉపేక్షింపరాని హెచ్చరిక
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



రహదారులను, మంచినీటిని గూర్చి మీతో పలుమారులు ముచ్చటించియున్నాము. నేడు చేతికి తగులు ఒక చిన్న బిళ్ళను గూర్చి మనవి చేయదలచితిమి.

కొంతకాలము క్రిందట మేమొక గ్రామమున ఆరోగ్య ప్రచార సభ జరిపితిమి. సభానంతరము ఒక వృద్ధ రైతు తన దవడ క్రింద ఉసిరికాయంత బిళ్ళను మాకు చూపెను. నొప్పి లేదనియు, నోటిలో మానని పుండున్నదనియు చెప్పెను. "పెద్దాసుపత్రికి పొండి" అని చెప్పి మేము బండి యెక్కితిమి. ఆరు నెలలకు మరల పోగా బిళ్ళ నిమ్మకాయంతై, కదలక బిగిసియుండెను. దానిపై వాత మచ్చ యుండెను. "తోడు వచ్చువారెవరు బాబూ?" అని ఆయన యడిగెను. మాయొద్ద సమాధానము లేకపోయెను. ఆ లోపము మాది.

మెడలోని గ్రంథులు శరీరమునకు కావలివాండ్రవంటివి. పంటిపోటు, గొంతునొప్పి, క్షయ వలనను అవి ఉబ్బును. కావున ప్రతి బిళ్ళయు రాచపుండు కాదు. కాని నోటిలో కాన్సరు పుట్టినచో అది తరచుగా మొదట ప్రాకునది ఈ గ్రంథులకే. చుట్ట, బీడీ, గుట్కా, వక్క దీనికి ముఖ్య కారణములు. శ్రీకాకుళము, విశాఖ ప్రాంతములలో అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిలిలో కాన్సరు కలుగుట వైద్యులెరిగినదే. నోటిలో పుండుగాని, మెడలో బిళ్ళగాని మూడు వారములు దాటినచో వైద్యునకు చూపవలయును. మొదట సన్నని సూదితో పరీక్షింతురు.

"కత్తి తగిలిన పుండు రేగును" అని పలువురు భయపడుదురు. ఇది నిజము కాదు. ఆలస్యమే వ్యాధిని పెంచును. 1906లో అమెరికా వైద్యుడు జార్జి క్రైల్ మెడలోని గ్రంథులను మొత్తముగా తీయు శస్త్రచికిత్సను వివరించెను. పూర్వపు పద్ధతిలో మెడకండను, పెద్ద సిరను గూడ తీసెడివారు. భుజమునకు పోవు నాడిని సైతము తరచుగా తీసెడివారు. 1963లో అర్జెంటీనా వైద్యుడు సువారెజ్ వానిని కాపాడుచు గ్రంథులను మాత్రమే తీయు విధానమును ప్రకటించెను. నేడు వ్యాధి అనుమతించినంతవరకు వానిని కాపాడుదురు.

బొంబాయి టాటా స్మారక వైద్యాలయమువారు 2015లో ప్రకటించిన పరిశోధన గమనింపదగినది. తొలిదశ నోటి కాన్సరు రోగులలో, మొదటనే మెడ గ్రంథులను గూడ తీయించుకొన్నవారు మూడేండ్ల పిదప నూటికి 80 మంది జీవించియుండిరి. బిళ్ళ కట్టిన తరువాత తీయించుకొనుటకై వేచినవారిలో సుమారు 67 మందియే.

మత్తునిచ్చి చేయు శస్త్రచికిత్స గనుక ఆ సమయమున నొప్పి తెలియదు. నీరు పోవుటకై కొన్ని దినములు గొట్టముంచెదరు. మెడ, చెవి తిమ్మిరెక్కుట, భుజము పట్టుట కలుగవచ్చును. వైద్యులు నేర్పు వ్యాయామము మానరాదు. తీసిన గ్రంథులను పరీక్షించి, అవసరమైనచో కిరణ చికిత్స చేయుదురు.

సభ్యులారా, మీ వార్డులో ఇట్టి బిళ్ళగలవారెవరో ఆశా కార్యకర్తతో కలిసి విచారింపుడు. వాతలు, పసరులు మాన్పింపుడు. ప్రభుత్వ ఆరోగ్య పథకపు కార్డు సరిచూడుడు. అన్నిటికన్న ముఖ్యముగా, తోడుగా ఒకరిని పంపుడు. ఆ వృద్ధుని ప్రశ్నకు సమాధానము మీరే కావలెనని మా ప్రార్థన.