ఉప్పు, నీరు, నూటికి లెక్క



ఉప్పు నీటిలో కరిగినపుడు ఏర్పడునది ద్రావణము. కరిగిన ఉప్పు ద్రావితము; కరిగించుకొన్న నీరు ద్రావణి. నూరు భాగముల తూకముగల ద్రావణమున ద్రావితము ఎన్ని భాగములున్నదో తెలుపునదే ద్రవ్యరాశి శాతము. ద్రావితపు బరువును ద్రావణపు మొత్తము బరువుతో భాగించి నూటితో హెచ్చించినచో అది లభించును.

ఇచ్చట పలువురు తడబడుదురు. 100 గ్రాముల నీటిలో 10 గ్రాముల ఉప్పు కరిగించి, అది 10 శాతమందురు. కాని ద్రావణపు బరువు 110 గ్రాములు. 10ని 110తో భాగించి నూటితో హెచ్చింపగా వచ్చునది సుమారు 9.1 మాత్రమే. సరిగా 10 శాతము కావలెనన్న 10 గ్రాముల ఉప్పునకు 90 గ్రాముల నీరే పోయవలెను.

నౌపాడ, చినగంజాము ప్రాంతముల ఉప్పు మడులలో ఈ లెక్కనే సూర్యుడు నడుపుచుండును. సముద్రజలమున లవణములు సుమారు 3.5 శాతము. అనగా 100 కిలోల నీటిలో 3.5 కిలోలు. ఈ లవణములే 25 శాతము కావలెనన్న ద్రావణము ఎంత మిగులవలెను? 3.5ను 25తో భాగించి నూటితో హెచ్చింపగా 14 కిలోలు. స్థూలముగ 86 కిలోల నీరు ఆవిరి కావలెను. లవణము పెరుగలేదు, నీరు తరిగినందుననే శాతము పెరిగినది. మరికొంత ఎండిన పిదప ఉప్పు గడ్డకట్టనారంభించును.

ఈ లెక్కపై ప్రాణములును ఆధారపడియున్నవి. 1971లో పశ్చిమ బెంగాలునందలి బన్‌గావ్ శరణార్థి శిబిరమున కలరా ప్రబలినపుడు, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, తినుసోడా, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించెను. అచ్చట సుమారు 30 శాతముగనున్న మరణములు 4 శాతము లోపునకు తగ్గినవి.

నేడు అతిసారమునకు వాడు ఓ.ఆర్.ఎస్. పొట్లములో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో నిర్ణయించిన కొలత ప్రకారము, మొత్తము 20.5 గ్రాముల పొడి యుండును. దానిని ఒక లీటరు, అనగా సుమారు 1000 గ్రాముల నీటిలో కలుపగా ద్రావణము 1020.5 గ్రాములు, గాఢత 2 శాతము. త్వరగా గుణమిచ్చునని తలంచి అర లీటరులోనే కలిపినచో గాఢత 3.9 శాతమగును. అట్టి చిక్కని ద్రావణము శరీరమునకు నీరిచ్చుటకు మారుగా, ప్రేగులలోనికి నీటిని లాగుకొనును. రక్తమున ఉప్పు హెచ్చి పసిబిడ్డకు ప్రాణాపాయము కలుగవచ్చును. నీరెక్కువైనను మందు పలుచబడి గుణము తగ్గును.

కావున పొట్లముపై వ్రాసిన కొలతను చదివి, కొలపాత్రతో నీరు పోయుట ప్రతి యింటివారును నేర్వవలసిన విద్య. గ్రంథాలయమున నేర్చిన భాగహారము ఇంటిలో ఒక బిడ్డను కాపాడినచో, ఆ చదువు సార్థకమైనట్లే.