గుఱ్ఱపుపిల్లను కొనుటకు ముందు రైతు చూచుకొనవలసిన సంగతులు
(కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల రైతుల కొఱకైన ఉపన్యాసము)



పూర్వము ఈ ప్రాంతమున పటేండ్లు, దేశముఖులు ఊరూర తిరుగుటకు గుఱ్ఱములను కట్టుకొనెడివారు. నేడు ఆ పని మోటారు బండ్లు చేయుచున్నవి. అయినను గుఱ్ఱముపై మక్కువ పూర్తిగ పోలేదు. పెండ్లి ఊరేగింపులకు బాడుగ కిచ్చుటకు కొందఱు, సవారి సరదాకు కొందఱు గుఱ్ఱమును కొనగోరుచున్నారు. అట్టివారికి చేరువనున్న పెద్ద సంత నాందేడ్ జిల్లాలోని మాళేగావ్ ఖండోబా జాతర. నాశిక్ జిల్లాలోని మాళేగావ్ వేఱు. ఇది 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోని ఊరే. మార్గశిర మాసాంతమున అచ్చటికి గుఱ్ఱములు, గాడిదలు, ఒంటెలు అమ్మకమునకు వచ్చును.

సంతలో పనినేర్చిన గుఱ్ఱముకంటె రెండేండ్ల పిల్ల సాధారణముగ చౌక. చౌకయని రైతు దానివైపు మొగ్గును. కాని ధర యొకనాటితో తీరిపోవును, మేత తీరదు. రెండువందల యేబది కిలోల పిల్లకు దినమునకు సుమారు అయిదు కిలోల ఎండుమేత, దాణా కలిపి కావలెను. అది యేడాదికి పదునెనిమిది క్వింటాళ్లు. సవారి కెక్కునాటికి ముప్పదియాఱు క్వింటాళ్లు తినియుండును; ఆ కాలమున అది రైతుకు సంపాదించిపెట్టున దేమియు లేదు. పైగా ఎద్దు నెమరువేసి వరిగడ్డిలోని సారమును లాగుకొనును. గుఱ్ఱమునకు నెమరు లేదు. ఒట్టి వరిగడ్డి చాలదు. పచ్చగడ్డియు, మంచి జొన్నచొప్పయు, ఉడికించిన ఉలవలును కొంత కావలెను.

మేత విషయమున ఈ ప్రాంతపు రైతు ముఖ్యముగ భయపడవలసినది మొక్కజొన్నకు. కామారెడ్డి చుట్టుపట్ల చెలకలలో మొక్కజొన్న విస్తారముగ పండును. వానలో తడిసి బూజుపట్టిన కంకులను అమ్మలేక పశువులకు వేయుట మామూలు. ఆ బూజులో పుట్టు విషమును పశువులు కొంతవఱకు ఓర్చుకొనును, గుఱ్ఱము ఓర్వలేదు. దాని మెదడు మెత్తబడి, కన్ను కానక, తల గోడకు ఆనించి నిలిచి, కొలది దినములలో చచ్చును. దీనికి మందు లేదు. బఱ్ఱెల తొట్టిలో మిగిలిన దాణాను గుఱ్ఱమునకు పెట్టు అలవాటున్న యింట పిల్లను కట్టకుండుటే మేలు.

ఇక తరిఫీదు. కోడెను కాడికి మప్పుట ప్రతి రైతునకు తెలిసినదే: ముసలి యెద్దు ప్రక్కన కట్టి చాళ్లు తోలినచో సగము పని ఆ యెద్దే నేర్పును. గుఱ్ఱపుపిల్లకు ఊరిలో అట్టి తోడు దొరకదు. అది మందలో బ్రదుకు జంతువు, ఒంటిగానున్నచో బెదరును. కావున ముసలి యెద్దు చేయుపనిని ఇచ్చట మనుష్యుడే చేయవలెను, అదియు ప్రతిదినము ఒకే మనుష్యుడు. జీతగాని కప్పగించి, వాడు మానివేసిన మఱియొకని కప్పగించి, పండుగనాడు యజమాని తానెక్కబోవుట గుఱ్ఱములు చెడుటకు తఱచైన కారణము. జాతరనుండి పిల్ల యింటికి వచ్చు దినములలోనే యాసంగి నారుమళ్లు, పిమ్మట నాట్లు వచ్చిపడును. ఆ దినములలో సయితము ప్రొద్దున అరగంట, సాయంకాలము అరగంట దానికొఱకు విడువగలవాడు ఇంట ఎవడున్నాడు? ఈ ప్రశ్నకు ఒక మనుష్యుని పేరు జవాబుగ రానిచో సంతకు పోవలసిన పని లేదు.

అట్టివాడున్నచో పని కష్టమైనది కాదు, నిదానమైనది. మొదటి యేడు వీపుపై ఏమియు వేయరాదు. ముఖమునకు త్రాడు వేసి నడిపించుట, ఒడలంతయు నిమురుట, నాలుగు కాళ్లను దినమున కొకసారి ఎత్తిపట్టి గిట్టలు శుభ్రము చేయుట, ఇంతియే. కాలెత్తనీయని గుఱ్ఱమునకు లాడము కొట్టువాడు ఎంత అడిగినను ఇయ్యవలసి వచ్చును. వెనుకనుండి చప్పుడు చేయక దగ్గఱకు పోరాదు. తోకవెనుక నిలిచినవానిని గుఱ్ఱము చూడలేదు, కనుక తన్నును. బెదరినందుకు కొట్టినచో భయము రెండింతలగును. బస్సులు, బాజాలు మొదట దూరమునుండి వినిపించి క్రమముగ దగ్గఱకు తీసికొనిపోవలెను. మూడేండ్లు నిండిన పిమ్మట జీను. మొదటి నెలలో తేలికైనవాడు పది నిమిషములు మాత్రమే కూర్చుండవలెను. వెన్నెముక అయిదేండ్లు దాటుదాక గట్టిపడుచునే యుండును.

సంతలో జనము సుడులు చూతురు. సుడి యెచ్చట నున్నను గుఱ్ఱము కుంటదు. చూడవలసినవి కాళ్లు, పండ్లు, ముక్కు. గట్టినేలపై దుడుకునడక నడిపించినప్పుడు తల యెగురవేయుచున్నచో ముంగాలిలో నొప్పి యున్నదన్నమాట. రెండున్నరయేండ్లకు నడిమి పాలపండ్లు, మూడున్నరకు వాని ప్రక్కవి, నాలుగున్నరకు కొనవి ఊడి పెద్దపండ్లు వచ్చును. అమ్మువాడు చెప్పు వయస్సును నోరే సరిచూచును. ముక్కున చీము, దవుడ క్రింద గడ్డలు ఉన్నదానిని ముట్టరాదు. అది గ్లాండర్స్ కావచ్చును. ఆ రోగము మనుష్యులకును అంటును, దానికి చికిత్స చేయక పశువును చట్టప్రకారము చంపివేయుదురు. పైకి ఏమియు కనబడని గుఱ్ఱమునందు సయితము అది దాగియుండును గనుక పశువైద్యునిచే రక్తము తీయించి పరీక్ష చేయించవలెను. ఈ పరీక్షకు 1985లో స్థాపింపబడిన హిసార్ గుఱ్ఱముల పరిశోధన కేంద్రము ప్రసిద్ధము.

పెండ్లి బాడుగకు ఈ యేడే గుఱ్ఱము కావలసినవాడు, ధర యెక్కువైనను, బాజాల నడుమ నిలువ నేర్చిన ఆఱేడేండ్ల గుఱ్ఱమునే కొనుట లాభము. దుక్కికి కావలసినవానికి ఎద్దులో, యంత్రమో చాలును. పిల్లనే కొనదలచినవాడు బేరమాడుటకు ముందు పగ్గము తన చేత పట్టి, దానిని గుంపునుండి నూఱడుగుల దూరము తానే నడిపించి చూడవలెను. కొని తెచ్చిన పిమ్మట మూడు వారములు వేఱు కొట్టములో, వేఱు బొక్కెనతో ఉంచవలెను. ఆ మూడు వారములలో జ్వరము, ముక్కు కారుట కనబడినచో వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను.