చూపు గల సూదంటురాయి

(సాకేత్‌లో తెలుగు ఉద్యోగుల కుటుంబముల యెదుట చదివిన ప్రసంగపాఠము)



ఇసుకలో సూదంటురాయిని దొర్లించి ఆడుకొను పిల్లలకు ఒక సంగతి తెలియును: అది ఇసుకను విడిచి ఇనుపరజనునే పట్టును. నెత్తుటి చుక్కలో దాగిన రోగపు జాడను గూడ అట్లే లాగివేయ గలిగినచో ఎంత మేలు! కాని రోగపు జాడ ఇనుము కాదు. కావున దానికి ఇనుమును తగిలించు ఉపాయమును శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

2020లో కరోనా ప్రబలిన దినములలో సాకేత్, పుష్పవిహార్ ప్రాంతముల ఇండ్లలో పరీక్షాఫలితమునకై గడియలు లెక్కించిన కుటుంబము లెన్నియో. ఆనాడు పెక్కు ప్రయోగశాలలలో ఆర్.ఎన్.ఎ.ను వేరుచేయుటకు సిలికా పూతగల అయస్కాంత కణములను వాడిరి. అవి వైరసుదో, మనిషిదో ఎరుగక దొరికిన ఆర్.ఎన్.ఎ.నెల్ల పట్టును. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వారు ఈ వేరుచేయు అంచెనే తొలగించి పొడి స్వాబు పద్ధతిని రూపొందింపగా, 2020 నవంబరులో ఐ.సి.ఎం.ఆర్. ఆమోదించెను. అంచెను తొలగించుట ఒక మార్గము. అయస్కాంత కణమునకు చూపు నిచ్చుట మరియొక మార్గము. ఆ చూపు డి.ఎన్.ఎ.

1953లో వాట్సన్, క్రిక్ తెలిపిన నిర్మాణమున ఎ అను అక్షరము టి తోను, జి అను అక్షరము సి తోను జతగూడును. ఇరువది అక్షరముల ఒంటిపోగు తనకు సరియగు జతపోగును వెదకి పెనవేసికొనును. మాంసకృత్తులను పట్టు డి.ఎన్.ఎ. పోగులును కలవు, వానిని ఆప్టమర్లందురు.

ఇనుప ఆక్సైడు కణము మిల్లీమీటరులో లక్షవ వంతు మాత్రముండ వచ్చును. అంత చిన్నదగుటచే సూదంటురాయి దగ్గరనున్నంతసేపే అయస్కాంతమై, తొలగింపగనే ఆ గుణమును విడుచును. గుంపుకట్టక ద్రవమున మరల చెదరును. దానిపై స్ట్రెప్టావిడిన్ అను మాంసకృత్తును పూసి, డి.ఎన్.ఎ. పోగు కొనకు బయోటిన్ అను విటమినును తగిలింతురు. ఈ రెంటి పట్టు ప్రకృతిలోని మిక్కిలి గట్టి పట్టులలో నొకటి.

ఇట్టి కణములను నమూనాలో కలిపి, జత కుదిరిన పిదప గొట్టము ప్రక్కన సూదంటురాయి నుంచినచో అవి గోడకు చేరును. మిగిలిన ద్రవమును పారబోసి, కణములను కడిగి, పట్టువడినదానిని వెలుగునిచ్చు రంగుతోనో, పి.సి.ఆర్.తోనో లెక్కింతురు.

కిటుకంతయు కడుగుటలో కలదు. కడుగుట చాలనిచో సంబంధము లేని పదార్థములు అంటియుండి లేని రోగమును చూపును. మితిమీరినచో అసలు జాడయే కొట్టుకొనిపోవును. అందుచే వెదకునది లేని నమూనాను, ఉన్న నమూనాను ప్రక్కప్రక్కన పరీక్షింపక ఫలితమును ప్రకటింపరాదు. గుర్తుపట్టుట డి.ఎన్.ఎ. పని, పోగుచేయుట సూదంటురాయి పని, ఒక యింటి వారికి చెప్పబోవు మాట నిజమో కాదో తేల్చుకొనుట మాత్రము మనిషి పని.